మైనస్ మాస్టారు

జ్ఞానప్రకాశం మాస్టారికి మైనస్ పిచ్చి. ఎవరు ఏ ప్రోగ్రామ్ రాసి చూపించినా, దానికి ముందో మైనస్ అంకె ఇచ్చి చూడందే ఆయనకి టీ దిగేది కాదు.

తొంభై ఎనిమిదిలో, అమలాపురంలో కేశవరావు గారి కంప్యూటర్ సెంటర్లో ఆయన పెద్ద మాస్టారు. నేను కొత్తగా చేరిన పంతులమ్మని. మార్కులు కూడే ప్రోగ్రామ్ రాసిన పిల్లాణ్ణి, "మైనస్ పది ఇచ్చి చూసేవా?" అనేవారు.

"మైనస్ మార్కులెవరికొస్తాయండీ?"

"నీకొచ్చేలా ఉన్నాయి. ఇచ్చి చూడు."

హోటల్లో సర్వర్నీ వదల్లేదు. "మైనస్ రెండు ఇడ్లీ పట్టుకురావయ్యా" అన్నారోసారి. సర్వర్ ఆయన ప్లేట్లో ఉన్న రెండు ఇడ్లీలూ పట్టుకుపోయాడు. "చూసేరా మేడమ్, ఇతనికి లెక్కొచ్చండీ!" అని ఆకలితోనే మురిసిపోయారు.

ఆ వేసవిలో సెంటర్ వార్షికోత్సవానికి కేశవరావు గారు గుమ్మానికి బ్యానర్ కట్టించారు: 'మీరు ఏ వారం పుట్టారో కంప్యూటర్ చెబుతుంది.' ప్రోగ్రామ్ నేనే రాశాను. 1950 జనవరి ఒకటి, ఆదివారం. అక్కణ్ణించి రోజులు లెక్కపెట్టి ఏడుతో భాగిస్తే, శేషం సున్నా అయితే ఆదివారం, ఒకటైతే సోమవారం. సెంటర్లో పిల్లలందరి పుట్టిన వారాలూ చక్కగా చెప్పింది.

మాస్టారు వచ్చి, వేళ్ళు విరుచుకుని, 1949 డిసెంబరు ముప్ఫై ఒకటి కొట్టారు. తెర మీద పురుగులు పాకినట్టు ఏవో గుర్తులొచ్చాయి.

"ఇదేం వారమండీ?"

"శేషం మైనస్ ఒకటొచ్చిందండి."

"ఆదివారానికి ముందు శనివారం కదండీ! వెనక్కి నడిచినా వారానికి ఏడు రోజులే!"

కేశవరావు గారు గంతేశారు. "రేపు పొద్దున్నే ప్రారంభం! యాభైకి ముందు పుట్టినోళ్ళకి కంప్యూటరెందుకండీ? వాళ్ళు రావద్దని బోర్డు పెట్టేద్దాం."

"ఎండలో వరసలో నిలబడొచ్చిన పెద్దాళ్ళని, మీరు లెక్కలో లేరు పొమ్మందామా? నా వల్ల కాదండి" అన్నారు మాస్టారు.

"అయితే పొద్దుటికి అది అవ్వకపోతే మీరూ రాకండి!"

మాస్టారు కుర్చీ దగ్గరకి లాక్కున్నారు. మైనస్ ఒకటిని ఏడుతో భాగిస్తే కంప్యూటర్ భాగఫలాన్ని సున్నా దగ్గరే ఆపేస్తోంది. దాన్ని ఇంకో మెట్టు కిందికి, మైనస్ ఒకటికి దింపితే శేషం ఆరు. శనివారం! మాస్టారు లేచి ఓ చిందు వేశారు. తర్వాత దొరికిన ప్రతి పాత తేదీనీ కొట్టి చూశారు. తన తాతగారి పుట్టిన తేదీని కూడా వదల్లేదు.

తెల్లారాక చూస్తే కుర్రాళ్ళు కొద్దిమందే. తాతలూ బామ్మలూ మాత్రం మెట్ల కింది దాకా! కేశవరావు గారు అందరికీ తనే మజ్జిగ పోస్తూ, "ఆయ్, పెద్దాళ్ళ కోసమే పెట్టేమండి" అనేశారు.

సత్తెమ్మ గారనే ఆవిడ వచ్చి, వాళ్ళన్నయ్య నేర్పిన తేదీ ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పింది: 1931 జూన్ పన్నెండు.

"శుక్రవారమండి" అన్నారు మాస్టారు.

"మళ్ళీ చెప్పండి బాబూ!"

"శుక్రవారం."

"నేను కాపరానికొచ్చిన కాణ్ణించీ మా అత్తగారు నన్ను మంగళవారం పుట్టిన దరిద్రమంటున్నారండీ! ఇప్పుడే తీసుకొస్తానుండండి!"

అన్నట్టే రిక్షాలో తీసుకొచ్చింది. తొంభైకి దగ్గరపడిన ఆ పెద్దావిడ కుర్చీలో కూలబడి, "దాని సంగతి సరే. నాది చూడు నాయనా. నేను లక్ష్మీవారం పుట్టేను" అని తేదీ చెప్పింది.

మాస్టారు కొట్టారు. నేను తెర చూసి, "మం..." అన్నానో లేదో, మాస్టారు నా కాలు తొక్కి, తెర స్విచ్ నొక్కేశారు.

"కరెంటు పోయిందండీ!"

నెత్తిన ఫ్యాను గిర్రున తిరుగుతోంది. సత్తెమ్మ గారు ఫ్యాను వంక చూసింది, నా వంక చూసింది. అర్థమైంది. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన సమయం చేతికొచ్చింది. ఆవిడ ఎగురుతున్న పమిట సర్దుకుంది.

"ఆయ్, పోయిందత్తయ్యా," అంది, "లక్ష్మీవారమని చెప్పేకే పోయింది."