సరోజనక్క అనుమానం

హీట్ గన్ వేడికి సన్నటి ప్లాస్టిక్ గొట్టం తీగ మీద ముడుచుకునేటప్పుడు ఒక వాసన వస్తుంది. కాలిన వాసన కాదు, కాలడానికి కాస్త ముందుండే వాసన. మంచిర్యాలలో నా పనిగది నిండా రోజూ అదే. బయటి నుంచి వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుంటారు. నేను మాత్రం ఒక్క క్షణం చెయ్యి ఆపి వెనక్కి చూస్తాను. నా భుజం మీదుగా ఎవరో ఆ తీగను చూస్తున్నట్టు అనిపిస్తుంది. చూడటమే కాదు, నమ్మకుండా చూస్తున్నట్టు. ఆ చూపు సరోజనక్కది. ఆమె దగ్గర పని మానేసి ఏళ్ళు గడిచినా అది నా వీపు మీది నుంచి దిగలేదు.

మేం చేసే పని గురించి ముందు చెప్పాలి. కంప్యూటర్ డబ్బాలో పవర్ సప్లై అని ఒకటి ఉంటుంది. గోడ నుంచి వచ్చిన కరెంటును లోపలి భాగాలన్నిటికీ పంచేది అదే. దాన్నుంచి బయలుదేరే తీగలు మామూలుగా నల్లగా, చిక్కుపడిన జడలా ఉంటాయి. అద్దం పక్కలున్న డబ్బాలు వచ్చాక ఆ తీగలు కూడా అందంగా కనబడాలని కొందరికి కోరిక పుట్టింది. ఒక్కో తీగనూ కొలతకు కోసి, దానికి రంగు దారంతో అల్లిన తొడుగు ఎక్కించి, చివర పిన్ను నొక్కి, మళ్ళీ వరుస తప్పకుండా ప్లగ్గులో కూర్చాలి. అంతా చేత్తోనే. కరీంనగర్‌లో ఒక మేడ మీద, రెండు గదుల్లో, సరోజనక్క ఈ పని చేసేది. హైదరాబాద్ నుంచి కూడా ఆర్డర్లు వచ్చేవి.

ఆమెది సిరిసిల్లలో నేత కుటుంబం. అక్కడ వాళ్ళకు మరమగ్గాల షెడ్డు ఉండేదని, అది పోయాక కరీంనగర్ వచ్చారని మాత్రం అందరికీ తెలుసు. ఎలా పోయిందో ఎవరూ అడగరు, ఆమె చెప్పదు. మధ్యాహ్నం ఆమె భర్త సద్ది డబ్బా తెచ్చేవాడు. ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల అంగీ వేసుకుని, కుడిచేతి గుండీ పెట్టుకుని ఉండేవాడు. డబ్బా ఎడమచేత్తో బల్ల మీద పెట్టి, నన్ను పలకరించి, వెళ్ళిపోయేవాడు.

మాది శ్రీరాంపూర్. మేం బాపు అని పిలిచే మా నాన్న బొగ్గుబావిలో పని చేసేవాడు. నేను కరీంనగర్‌లోనే ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి, ఉద్యోగం దొరక్క, ఒక స్నేహితురాలు చెబితే సరోజనక్క మేడ ఎక్కాను. ఆమె నా సర్టిఫికెట్లు అడగలేదు. ఒక తీగ ముక్క, పట్టుకారు ఇచ్చి పిన్ను నొక్కమంది. నొక్కి ఇచ్చాను. ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుని, మొహంలో ఏ కోపమూ లేకుండా, గట్టిగా గుంజింది. పిన్ను ఊడి ఆమె వేళ్ళలోకి వచ్చింది.

"నొక్కినంక చూసినవా, నొక్కుకున్నదని అనుకున్నవా?" అని అడిగింది.

అనుకున్నానని ఒప్పుకున్నాను. రేపటి నుంచి రమ్మంది.

చేరాక తెలిసింది, ఆ ప్రశ్న నా ఒక్కదాని కోసం పుట్టింది కాదని. కొరియర్ అబ్బాయి పార్సెల్ ఎక్కించానంటే అదే ప్రశ్న. తొడుగులు అమ్మే మనిషి రంగు పోదంటే అదే ప్రశ్న. అతని ముందే నీళ్ళలో ముంచి, తెల్లగుడ్డతో రుద్ది చూసేది. వాళ్ళు నవ్వి ఊరుకునేవారు, ఆమెతో గడిపేది కాసేపే కాబట్టి. నేను రోజంతా గడపాలి. నేను చేసిన ప్రతి కేబుల్‌నూ ఆమె మీటర్ పెట్టి చూసేది, ఒక్కో తీగనూ గుంజేది. నెలలు గడిచి నా చెయ్యి కుదిరి, ఏదీ ఊడకపోయినా ఆపలేదు. సాయంత్రం నేను చెప్పులు వేసుకుంటుంటే నా చెత్తబుట్టను కాగితం మీద బోర్లించి తుక్కు వెతికేది. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. పిన్నులు దొంగిలిస్తున్నాననే కదా ఆ వెతుకులాట. ఒకరోజు కావాలనే గుమ్మం దగ్గర నా బ్యాగు తెరిచి పట్టుకుని నిలబడ్డాను. ఆమె బ్యాగు వైపు చూసి, నా వైపు చూసి, జిప్పు పోయిందా అని అడిగింది. నాకది ఇంకా పెద్ద అవమానంగా తోచింది.

ఇంటికి వెళ్ళినప్పుడు కన్నతల్లి కదా అని అవ్వతో చెప్పుకుని ఏడ్చాను. అంత నమ్మకం లేని చోట ఎందుకు, మానేయమంది అవ్వ. బాపు అన్నం తింటూ అంతా విన్నాడు. ఆయనకు ఇందులో తప్పేమీ కనబడలేదు.

"మేం రోజూ బాయిల దిగంగనే పైకప్పు కట్టెతోని తట్టి సూస్తం. నిన్న నిలవడ్డది గదా అని ఇయ్యాల నమ్మం. గట్లని కప్పుకు కోపమొస్తదా?" అన్నాడు.

నేను కప్పును కాదు, మనిషినని అన్నాను. బాపు చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. సోమవారం పొద్దున్నే బస్సెక్కి వచ్చేశాను కానీ, మనసులో ముల్లు అలాగే ఉంది. అనుమానించేవాళ్ళ దగ్గర పని చేస్తే మనకూ ఆ జబ్బు అంటుకుంటుంది. ఆమె ఫోన్లో గొంతు తగ్గించినా నా గురించే అనిపించేది. నా కేబుల్‌ను పక్కకు తీసిపెట్టినా, దానిమీద ఏదో చేయబోతోందని అనిపించేది.

అలాంటి రోజుల్లోనే వేములవాడ నుంచి నరేందర్ వచ్చాడు. అతనిది పెళ్ళిళ్ళ వీడియోలు తీసే స్టూడియో. కొన్ని నెలల కింద మా దగ్గర తన కంప్యూటర్‌కు కేబుళ్ళన్నీ నెమలికంఠం రంగులో చేయించుకున్నాడు. ఈసారి ఒక సంచీలోంచి హార్డ్ డిస్కులు, మా కేబుల్ ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. డబ్బా శుభ్రం చేసి మళ్ళీ కేబుళ్ళు పెట్టి స్విచ్ వేయగానే వాసన వచ్చిందట. డిస్కులు ఒక్కటీ పని చేయడం లేదు. వాటిల్లో ఇంకా ఇవ్వని పెళ్ళి ఒకటుంది. పెళ్ళయిన వారానికే పెళ్ళికూతురి తండ్రి గుండెపోటుతో పోయాడు. ఆయన నడుస్తూ, మాట్లాడుతూ కనబడేది ఇక ఆ వీడియోలోనే. ఆ ఇంటివాళ్ళు రోజూ ఫోన్ చేస్తున్నారు, ఏం చెప్పాలో తెలియడం లేదన్నాడు. తర్వాత మా కేబుల్ వైపు వేలు చూపించి, ఇదే తిన్నదని అన్నాడు.

సరోజనక్క నన్ను అడిగింది, ఇది ఎవరు చేశారని. నేనే చేశానన్నాను. ఆమె నరేందర్ వైపు తిరిగి, పవర్ సప్లై ఏమైనా మార్చావా అని అడిగింది. లేదు, అప్పుడు మీరు కేబుళ్ళు చేసిందే ఉంది అన్నాడు. ఆమె తల ఊపి, డబ్బా మొత్తం తీసుకురమ్మంది. తీసుకొస్తే ఏం మారుస్తారో అన్నట్టు అతను ఆమెను ఎగాదిగా చూశాడు. రెండు రోజుల్లో తెస్తానని, డిస్కులు మాత్రం మళ్ళీ సంచీలో వేసుకుని వెళ్ళిపోయాడు. కేబుల్ బల్ల మీద ఉండిపోయింది. సరోజనక్క దాన్ని చుట్టి తన చేతిసంచీలో పెట్టుకుంది. ఇంతకుముందెన్నడూ పని వస్తువు ఏదీ ఆమె ఇంటికి తీసుకుపోలేదు.

మరునాడు కేబుల్ మళ్ళీ బల్ల మీద ఉంది. చూడగానే గుర్తుపట్టాను. చివరన ముడుచుకున్న గొట్టాలు కొత్తవి. నేను వేసినవి కాస్త పాతబడి, దుమ్ము పట్టి ఉండాలి. ఇవి నిగనిగలాడుతున్నాయి. లోపల తీగలు అటూ ఇటూ మార్చి, తప్పు నాదేనని చూపించడానికి సిద్ధం చేసిందని ఒక్కసారిగా తోచింది. అప్పటిదాకా దాచుకున్నదంతా నోట్లోకి వచ్చింది.

"గిది నిన్నటి లెక్క లేదు అక్కా. దీన్ని విప్పిండ్రు."

విప్పానని ఆమె వెంటనే ఒప్పుకుంది. తొడుగు కింద తీగలు ఎక్కడైనా రాసుకున్నాయేమో చూడాలంటే విప్పక తప్పదు; ఇంట్లో వెలుతురు బాగుంటుందని తీసుకుపోయానంది. మీటర్ నా ముందుకు జరిపి, నువ్వే చూసుకో అంది. ఒక్కో పిన్నూ పెట్టి చూశాను. ఏ తీగా మారలేదు. నేను చేసిన కేబుల్ అది చేయాల్సిన పనే చేస్తోంది. కాని నాకు ఊరట కలగలేదు, కోపమే పెరిగింది.

"మొదటి దినం నుంచి మీకు నామీద అనుమానమే. రోజూ చెత్తబుట్ట గూడ దేవులాడుతరు. నేనేం దొంగిలిచ్చిన?"

ఆమె నిజంగా ఆశ్చర్యపోయింది. లేచి నా బుట్టలోంచి ఒక తీగ తుక్కు తీసి, దాని చివర ఒలిచిన చోటు చూపించింది. ఒలిచేటప్పుడు కత్తెర లోతుగా దిగితే లోపలి సన్నటి రాగిపోగులు తెగి, ఆ తుక్కుతో పాటే ఊడి వస్తాయట. నా బుట్టలో రాగిపోగులు ఉన్నాయా అని వెతికేదట. దొంగతనం మాట ఎవరన్నారని అడిగింది. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"అనుమానం మాత్రం ఉన్నది. అబద్ధమెందుకు చెప్పాలె. మా షెడ్డుల కరెంటు పని చేసినాయన ఉన్నడు. మంచోడు. జాయింటు గట్టిగ బిగిచ్చిన వదినా, ఫికర్ చేయకు అన్నడు. నేను చూడలే, నమ్మిన. షెడ్డు కాలిపోయింది. మగ్గం మీది బట్ట గుంజబోయి మా ఆయన చెయ్యి గట్లయింది." ఆమె చేతిలోని తుక్కును బల్ల మీద పెట్టింది. "ఆయన ఇప్పటికీ మంచోడే. మొన్న పండుగకు గూడ ఇంటికొచ్చి పోయిండు. జాయింటు మాత్రం లూజుండె."

నేను మంచిదాన్నని తనకు ఎప్పుడో తెలుసని, తాను చూసేది దాన్ని కాదని చెప్పి, పనిలో పడిపోయింది.

చెప్పినట్టే నరేందర్ డబ్బా తెచ్చాడు. ఆమె స్క్రూడ్రైవర్ అతని చేతికే ఇచ్చి, నువ్వే విప్పు, మేం చెయ్యి పెట్టం, లేకపోతే రేపు నీకు మామీద అనుమానం ఉంటదంది. అతను విప్పాడు. మేం ఏ పవర్ సప్లైకి కేబుళ్ళు చేశామో, లోపల ఉన్నది అది కాదు. వేరే కంపెనీది. ప్లగ్గు ఆకారం ఒకటే కాబట్టి మా కేబుల్ దానికి చక్కగా అతుక్కుంది. కాని లోపల పిన్నుల వరుస వేరు. తక్కువ వోల్టేజీ రావలసిన తీగలోకి ఎక్కువ వోల్టేజీ వచ్చి డిస్కులను కొట్టింది. నరేందర్ అక్కడే నిలబడి బామ్మర్దికి ఫోన్ చేశాడు. ఉరుములప్పుడు పాతది పోతే, నరేందర్ ఊర్లో లేనప్పుడు బామ్మర్ది కొత్తది తెచ్చి బిగించాడు. దాంతో వచ్చిన కేబుళ్ళే వాడాడు. మొన్న శుభ్రం చేసేటప్పుడు, బామ్మర్ది తీగలు మాత్రమే మార్చాడనుకుని నరేందర్ మా రంగు కేబుళ్ళు మళ్ళీ పెట్టుకున్నాడు.

నా మీది నింద తొలగిపోయింది. నరేందర్‌ను నాలుగు మాటలు అంటుందేమోనని సరోజనక్క వైపు ఆశగా చూశాను. ఆమె అతనికి మంచినీళ్ళు ఇచ్చింది. అబద్ధం చెప్పాలని చెప్పలేదు, మారలేదనే అనుకున్నాడు అని నాతో అంది. ఆపైన నేను ఊహించని మాట అన్నది.

"వేరేదానికి పెట్టొద్దని మనం మాత్రం ఎక్కడ రాసినం? అందరికీ ఎరికే ఉంటదని నేను అనుకున్న."

డిస్కులను హైదరాబాద్‌లో తనకు తెలిసిన ఒక మరమ్మతు మనిషికి తానే పట్టుకుపోయింది. పైనున్న బోర్డులే కాలాయి, లోపలి వీడియోలు పోలేదు. ఒక్క డిస్కు మాత్రం ఎంత చేసినా లేవలేదు. ఆ పెళ్ళి వేరే దానిలో ఉంది. పెళ్ళికూతురు తండ్రి వంటల దగ్గర నిలబడి ఎవరినో తినమని బతిమాలుతున్న ముక్క ఒకటి నరేందర్ ఫోన్లో మాకు చూపించాడు. సరోజనక్క రెండుసార్లు చూసింది. ఆ వారం నుంచి మా ప్రతి కేబుల్‌కూ ఒక గుడ్డపట్టీ కుట్టాం, ఏ పవర్ సప్లైకి చేశామో, దేనికి పెట్టకూడదో రాసి.

ఆ తర్వాత ఆమె నన్ను నమ్మడం మొదలుపెట్టిందని మీరు అనుకోవచ్చు. అలా ఏం జరగలేదు. గుంజుతూనే ఉంది, బుట్ట బోర్లిస్తూనే ఉంది. మారింది ఒక్కటే. కొన్నాళ్ళకు తాను చేసిన కేబుల్ తెచ్చి నా బల్ల మీద పెట్టి, చూడమంది. మొదట్లో మర్యాద కోసం ముట్టుకుని ఇచ్చేసేదాన్ని. అది కనిపెట్టి, సరిగ్గా చూడకపోతే చూడనని చెప్పమంది. ఒకరోజు ఆమె కేబుల్‌లో ఒక పిన్ను నా చేతికి ఊడి వచ్చింది. ఎలా చెప్పాలో తెలియక చాలాసేపు దాన్ని పట్టుకుని కూర్చున్నాను. చెప్పాక ఆమె పిన్నును కిటికీ దగ్గరికి తీసుకుపోయి, కళ్ళకు ఆనించుకుని చూసింది. కళ్ళు పోతున్నాయి అంది మామూలుగా. ఆమె గొంతులో నొప్పి లేదు. నావైపు తిరిగినప్పుడు మొహంలో ఉన్నది తృప్తి. అప్పటిదాకా ఏ మెప్పూ నన్ను అంతగా తాకలేదు.

చూపు మందగించాక ఆమె ఆ గదులు ఖాళీ చేసి భర్తతో సిరిసిల్ల వెళ్ళిపోయింది. నేను మంచిర్యాలలో సొంతంగా మొదలుపెట్టాను. ఆమె నుంచి నాకు వచ్చింది పూర్తిగా వరమని చెప్పలేను. మా ఆయన గ్యాస్ ఆపేశానంటే లేచి వెళ్ళి చూస్తాను. ఆయన నొచ్చుకుంటాడు. డాక్టరు రాసిన మందు, షాపువాడు ఇచ్చిన మందు ఒకటేనా అని పేరు పేరునా చదువుతాను. మా అత్తమ్మ దగ్గర నాకు మంచి పేరు లేదు. మనుషులు మంచివాళ్ళేనని నాకు తెలుసు. అయినా చూస్తాను.

ఈమధ్య పని పెరిగి రాధ అనే ఆమెను పెట్టుకున్నాను. నాకంటే పెద్దది, ఏళ్ళ తరబడి బట్టలు కుట్టిన చెయ్యి. సరోజనక్క నాకు ఆలస్యంగా చెప్పినదాన్ని నేను రాధకు తొలిరోజే చెప్పేశాను. నీ ప్రతి తీగనూ గుంజుతాను, బుట్ట కూడా చూస్తాను, అది నీమీద అనుమానం కాదు అని. రాధ తల ఊపింది కానీ నమ్మినట్టు కనిపించలేదు. తొడుగు ఎక్కించడం మొదలుపెట్టింది. తర్వాత తల ఎత్తకుండానే అడిగింది.

"మరి నువ్వు చేసినయి ఎవలు చూస్తరు?"

ఎవరూ చూడటం లేదు. కరీంనగర్ వదిలి వచ్చినప్పటి నుంచి ఎవరూ చూడలేదు. నావి బాగానే ఉంటాయని ఇన్నేళ్ళుగా అనుకుంటున్నాను.

పార్సెల్ చేసి పెట్టిన డబ్బా టేపు కోసి, లోపలున్న నా కేబుల్ తీసి రాధ ముందు పెట్టాను.