పొట్లం కాగితంలోంచి వచ్చిన సైనికుడు

మా చిన్నప్పుడు అంతరిక్ష సైనికుడు మా ఇంటికి వేరుసెనగ పప్పుల పొట్లంలో వచ్చాడు...

నిజమండీ. చీపురుపల్లి సంత నుంచి నాన్న తెచ్చిన పొట్లం విప్పితే, అది ఏదో ఇంగ్లీషు పత్రికలోని రంగుల కాగితం. దాని నిండా తెల్లటి కవచాలు తొడుక్కున్న సైనికులు. మొహమంతా కప్పేసే శిరస్త్రాణాలు, నల్లటి కళ్లు, బుగ్గల మీద నల్లటి గీతలు... మోకాళ్ల దగ్గర కాగితం చిరిగిపోయింది. పప్పుల సంగతి మరిచిపోయి అన్నయ్యా నేనూ దాని మీద పడ్డాం.

ఇన్నేళ్లకు ఇది ఎందుకు రాస్తున్నానంటే... సెలవులకు వచ్చిన మా అమ్మాయి మొన్న వసారా నిండా ఫోమ్ షీట్లు పరిచి అచ్చం అలాంటి కవచమే చేసుకుంటోంది. వైజాగ్‌లో స్నేహితులంతా ఇలాంటి వేషాలతో కలుస్తారట. ఫోన్‌లో బొమ్మ చూసుకుంటూ, మిల్లీమీటర్ల లెక్కన కోసి, స్ప్రే రంగు కొడుతోంది.

"బాగుందే" అన్నాను.

"బాలేదమ్మా, ఆ తెలుపు వేరు. నీకు తెలీదులే."

నాకు తెలీకపోవడమేమిటి! అప్పుడే అనుకున్నాను, రాసేయాలని.

ఆ ఏడు మా ఊరి అమ్మవారి పండక్కి అన్నయ్య ఆ వేషం కడతానన్నాడు. ఊరేగింపులో వేషాలు నడిపించేది మా సత్తెం మావ. పొట్లం కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "ఏసం కడితే ఇలాగే ఉండాల. ఒక్క గీత తప్పినా ఊరేగింపులో అడుగెట్టనివ్వను, ముందే సెప్పేత్తన్నాను" అన్నాడు.

ఇంక చూడండి మా హడావిడి...

పాత కాగితాలూ మెంతులూ నానబెట్టి నాయనమ్మ రోట్లో రుబ్బింది. చేటలకూ బుట్టలకూ పూసే గుజ్జే అది. రెండు పాత చేటలకు మందంగా పట్టించి, ఛాతీకి ఒకటి, వీపుకి ఒకటి. మోకాళ్లకు కొబ్బరి చిప్పలు. శిరస్త్రాణం కోసం మట్టికుండ బోర్లించి దాని మీద గుజ్జు మెత్తాం. పైన సున్నం... గుడ్డలో వడకట్టి, పూత మీద పూత. దీపం మసిని చింతగింజల జిగురులో కలిపి నల్ల గీతలు నేను గీసేదాన్ని. అన్నయ్య పక్కన చీపురుపుల్లతో బొమ్మను కొలుస్తూ కూర్చునేవాడు.

"ఒసే పైడీ, ఎడమేపు గీత పొట్టయిపోనాది, సూడు!"

"బొమ్మలోనే పొట్టిగా ఉన్నాదిరా అన్నయ్యా."

మళ్లీ కొలిచేవాడు. మళ్లీ చెరిపించేవాడు...

అన్నం తినే ధ్యాస కూడా లేదు మాకు. ఆ ఆత్రంలోనే గుజ్జు పూర్తిగా ఆరకముందే కుండ లాగేశాం. ఎండకు ఆరేకొద్దీ శిరస్త్రాణం ముడుచుకుపోయింది. అన్నయ్య పెట్టుకుంటే చెవుల దగ్గరే ఆగిపోయింది. ఎంత తోసినా దిగదు. విసుగొచ్చి నా తల మీద పెట్టాడు. అది మెత్తగా, నా కోసమే కొలత తీసినట్టు భుజాల దాకా దిగింది.

ఆ రోజుల్లో మా ఊళ్లో ఆడపిల్లలు వేషం కట్టేవారు కాదు. కట్టాలని ఉందని అనడమే తప్పు. నాకు మాత్రం... నోరు తెరిచి చెప్పలేనంతగా కావాలనిపించింది.

"ఆడగుంట ఏసం కట్టడమేటిరా?" అంది నాయనమ్మ.

"మొకం కనబడదు కదే" అన్నాడు అన్నయ్య. పాపం, వాడి ఆశంతా పోయినా నా తరఫునే మాట్లాడాడు.

నాయనమ్మ నా తల మీది శిరస్త్రాణం సర్దింది. "సరే, కట్టనీ. గానీ అమ్మోరి ముందు నడిసే మొకం పసుపు నేకుండా ఎల్లకూడదు."

పండగనాడు మధ్యాహ్నం ఆఖరి పూత వేశాం. సాయంత్రం వీధి చివర డప్పులు మొదలయ్యాయి. నాకు కవచం కట్టేశారు. నాయనమ్మ పసుపు తడిపి, దండం పెట్టుకుని, రెండు చేతులతో శిరస్త్రాణం బుగ్గలకు రాసింది.

"ఓలమ్మో!"

సున్నం ఇంకా పచ్చిగానే ఉంది. పసుపు తగిలిన చోటల్లా ఎర్రగా పొంగిపోయింది! రోజూ పసుపూ సున్నం కలిపి మాకు దిష్టినీళ్లు తీసే చేతులే అవి. ఆవిడకీ తట్టలేదు, మాకూ తట్టలేదు. అన్నయ్య అరుగు మీద కూలబడిపోయాడు.

తుడిచే వ్యవధి లేదు. సత్తెం మావ వాకిట్లోకి వచ్చేశాడు.

"ఏటిరా ఇది? బొమ్మలో ఎరుపేదీ?"

లోపల నా ఊపిరి నాకే వినబడుతోంది.

నాయనమ్మ ముందుకొచ్చింది. "సగం సిరిగిన కాయితం పట్టుకుని నన్నడుగుతావేటిరా? ఆ సిరిగిన ముక్కలో ఎర్రోడు నేడని నువ్వు సూసొచ్చావా? మా అమ్మోరి పసుపు తగిల్తే ఆకాశంలోంచి దిగినోడైనా ఎర్రబడతాడు!"

మావ నవ్వు ఆపుకుంటున్నాడని కళ్ల కన్నాల్లోంచి చూశాను. వంగి, "లోపలెవరు?" అన్నాడు.

ఎవరో మగపిల్లాడి పేరు చెప్పేసి తప్పించుకోవచ్చు. కానీ గొంతు పెంచి మాట్లాడని నేను, ఆ వేళ అరిచినట్టే చెప్పాను. "నాను మావా... పైడిని!"

డప్పులు దగ్గరకొచ్చేశాయి. మావ నిటారుగా నిలబడి, నా చేటల కవచం మీద ఒక్క చరుపు చరిచాడు.

"నడువే గుంటా! అందరికన్నా ముందు నడు!"

ఎలా నడిచానో చెప్పలేను... ఎగిరాననే చెప్పాలి. పిల్లలంతా వెనకే పరుగు. "ఎర్ర మొకపోడొచ్చాడు!" అని అరుపులు. లోపలంతా మెంతుల వాసన, చెమట. ఆ రెండు కన్నాల్లోంచి అమ్మవారి ఘటం ఊగుతూ వస్తుంటే చూసి, కొబ్బరి చిప్పల మోకాళ్లతోనే వంగి దండం పెట్టుకున్నాను. మరుసటి ఏడు మా వీధి నుంచే ఇద్దరు ఆడపిల్లలు సత్తెం మావ దగ్గరికి వెళ్లి వేషం అడిగారు.

ఇప్పుడు మా అమ్మాయి ఎవరినీ అడగక్కర్లేదు. నచ్చిన కవచం చేసుకుంటుంది, నచ్చిన చోటికి వెళ్తుంది. చల్లగా ఉండాలి, అలాగే ఉండాలి... కానీ "నడువే" అన్న ఒక్క మాట కోసం ఊపిరి బిగబట్టి నిలబడడం, ఆ మాట వినగానే కాళ్లకు రెక్కలు రావడం... అది దానికి ఎలా చెప్పను?

మీకెవరు అన్నారండీ, ఆ "నడు" అనే మాట? రాయండి... ఒక్కొక్కటీ కూర్చుని చదువుకుంటాను.