కవలలను కన్న ధర్మకాంటా

సుల్తానాబాద్ రైస్‌మిల్లుల్లో కంప్యూటర్ మొరాయిస్తే పిలిచేది అజీముద్దీన్‌నే. మొదట్లో రేడియోలు బాగుచేసేవాడు. రేడియోలు పోయాక కంప్యూటర్లు విప్పాడు. విప్పినవాటిలో చాలావరకు మళ్లీ బిగించాడు కూడా.

దశరథం సేటు మిల్లులో ధర్మకాంటా మీదికి వడ్ల బండి ఎక్కగానే, బరువు చదివి చిట్టీ కొట్టే ప్రోగ్రాం ఆయన రాసిందే. రాసిన భాష వీబీస్క్రిప్ట్. నేర్పిన గురువు లేడు కాబట్టి అందులో ఆయనకు బాగా నచ్చిన లైను ఒకటే: తప్పు వస్తే పట్టించుకోకుండా ముందుకు పో. ప్రతి ప్రోగ్రాం నుదుటన దాన్ని బొట్టులా పెట్టాడు.

“నీ పని, మన షాదీ రెండూ గదే లైన్ మీద నడుస్తున్నయ్,” అనేది భార్య ఉమ్రావ్ బేగం.

ఇప్పుడు ఆ భాషకే రిటైర్మెంట్ వచ్చింది. విండోస్‌లోంచి దాన్ని తీసేస్తారని తెలిసి సేటు పిలిపించాడు.

“అజీమ్ భాయ్, నీ భాష సచ్చిపోయిందట గదా?”

“ఇంక సావలే సేటూ. నోటీసిచ్చిన్రు.”

“కోతలు జోరందుకునేలోపు కొత్తది పెట్టు. లేకుంటె పట్నం కంపెనోళ్లను పిలుస్త. నువ్వు గూడ రిటైరే.”

అజీముద్దీన్ ముందుగా మిల్లులో తన ప్రోగ్రాంలు ఎక్కడెక్కడ పడి ఉన్నాయో వెతికాడు. ఎవరూ వాడనివి పారేశాడు. కాంటాదాన్ని పైథాన్ భాషలో మళ్లీ రాశాడు. పాతదాన్ని వెంటనే పీకేయకుండా రెండింటినీ పక్కపక్కన నడిపాడు. కొత్తదాంట్లో ఆ లైను పెట్టలేదు. లెక్క తేడాగా ఉంటే ఆగిపోయి, ‘తూకం రాలే, జర ఆగు’ అని తెర మీద ఎర్రగా చూపిస్తుంది.

ఆ కాంటాకు దిష్టి తగులుతుందని మిల్లులో గట్టి నమ్మకం. అప్పుడప్పుడు వరుసగా రెండు బండ్లకు ఒకే బరువు వచ్చేది. చిట్టీలిచ్చే మమతారాణి “కవలలు పుట్టిన్రు!” అని అరిచేది. రెండో బండిని దింపి మళ్లీ ఎక్కించేవారు. దిష్టి పోవాలని సేటు ప్రతి శుక్రవారం కాంటా పక్కనున్న ఇనుప డబ్బా మీద కొబ్బరికాయ కొట్టేవాడు. మొదటి ముక్క అజీముద్దీన్‌కే. ఆయన ఏనాడూ కాదనలేదు.

ఆ శుక్రవారం కొబ్బరికాయ అయింది. ఒక లారీ తూకమై వెళ్లింది. వెనక రైతు మొండయ్య వడ్ల ట్రాక్టర్ ఎక్కింది. పాత ప్రోగ్రాం చిట్టీ కొట్టింది. కొత్తది ఎర్రబడి ఆగిపోయింది.

“చూసినవా? పాతది ఎంత మంచిగిచ్చింది! గా లైను దీంట్ల గూడ పెట్టు,” అన్నాడు సేటు.

“పెట్టొస్తది. గాని నేను పెట్ట.”

“పట్నం నంబరు నా ఫోన్లనే ఉంది మల్ల.”

ఇంతలో మమతారాణి చిట్టీ చూసింది. “సేటూ, కవలలే! గీ ట్రాక్టర్‌కు, పోయిన లారీకి ఒకటే బరువు.”

“గదే రాసియ్యి బిడ్డా, నాకేం బాధ లేదు,” అన్నాడు మొండయ్య పైనుంచి, ఎంతో మర్యాదగా.

“దిష్టి గాదు సేటూ,” అన్నాడు అజీముద్దీన్. “కాంటా నుంచి పిచ్చి లెక్క వస్తుంది. పాతదానికి సమజ్ గాక, ముందటి బండిదే మల్ల కొడుతుంది. నా లైను జేసిన పని.”

“పిచ్చి లెక్క ఇయ్యాల్నే ఎందుకొచ్చింది?”

“అన్నా, నిన్నంత మంచిగనే ఉండె,” అంది మమతారాణి. “కొబ్బరికాయ కొట్టినంకనే గిట్లయింది.”

అందరూ ఇనుప డబ్బా వైపు చూశారు. కాంటా వైర్లన్నీ కలిసేది అందులోనే. అజీముద్దీన్ మూత విప్పాడు. వైర్ల మొనలు చిలుం పట్టి పచ్చగా ఉన్నాయి. కొబ్బరినీళ్లలో చీమలు జాతర చేస్తున్నాయి. కవలలు పుట్టినందుకు కొబ్బరికాయ, ఆ కొబ్బరినీళ్లకు మళ్లీ కవలలు. ఇన్నేళ్లూ మిల్లులో నడిచిన వైద్యం ఇదీ.

సేటు వంగి డబ్బాలోకి చూశాడు. “అయితే కొట్టుడు బంద్ చెయ్యాల్నా?”

“ఎందుకు? గేటు కాడి బండ మీద కొట్టుండ్రి. నా ముక్క మాత్రం ఆపకుండ్రి.”

వైర్లు గీకి, తుడిచి, ఆరబెట్టి బిగించాక ట్రాక్టర్‌ను మళ్లీ ఎక్కించారు. కొత్త ప్రోగ్రాం ఆగకుండా చిట్టీ ఇచ్చింది. అసలు బరువు చూసి మొండయ్య ఒక్కడే దిగులుపడ్డాడు.

“పాతదాన్ని పీకెయ్ భాయ్,” అన్నాడు సేటు ఫోన్ జేబులో పెట్టుకుంటూ. “పట్నపోళ్లయితే నా కొబ్బరికాయను గూడ బంద్ చేపిద్దురు.”

కబురు అజీముద్దీన్ కంటే ముందే ఇల్లు చేరింది.

“లైను తీసేసినవట గదా,” అంది ఉమ్రావ్ బేగం. “ఇగ నుంచి తప్పు జేస్తే ఆగుతవా?”

అజీముద్దీన్ చెప్పులు విడుస్తూ అన్నాడు: “జర ఆగు.”