రెండోదే బాగుంది

మా బావ నీళ్లు పరీక్షించే ల్యాబులో పనిచేస్తాడు. ఊళ్లోని కుళాయిల నుంచి వచ్చిన సీసాలు ఆయన బల్ల మీద వరసగా నిలబడి ఉంటాయి. సీసా మీద అంకె ఉంటుంది, వీధి పేరు ఉండదు. ఏ వీధి నీళ్లో తెలిస్తే మనసు ముందే తీర్పు చెప్పేస్తుందని ఆయన రాయనివ్వడు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఇదే పని చేస్తున్న మనిషి ఇంటికొచ్చాక అందరిలాగే ఉంటాడని ఆశపడటం మా అక్క చేసిన పొరపాటు.

నేను వాళ్ల పై వాటాలో ఉంటాను. పెళ్లి చేసుకోలేదు, ఎందుకన్నది ఇక్కడ అనవసరం. అన్నం మాత్రం కింద, అక్క దగ్గరే. అందువల్ల జరిగినదానికంతా నేనే సాక్షిని, కొంతవరకు బాధితుణ్ణి కూడా.

అక్క ఆసుపత్రిలో నర్సు. తెల్లవారకముందే డ్యూటీకి వెళ్లిపోతుంది, అప్పటికి బావ నిద్ర లేవడు. సాయంత్రం ఇద్దరూ ఇల్లు చేరాక, వంటకు ముందు ఒక్క గంట దొరుకుతుంది. పెళ్లయిన కొత్తలో ఆ గంటలో రికార్డు పెట్టుకుని వినడం మొదలుపెట్టారు. రోజుకొక రికార్డు, రెండు వైపులూ. మాటలుండవు. సోఫాలో పక్కపక్కన కూర్చుంటారు, అంతే. జ్వరాలొచ్చినా, చుట్టాలొచ్చినా ఆ గంట మానలేదు.

అలాంటిది ఒకరోజు పాట మధ్యలో బావ తల పక్కకు వంచి, "గొంతు కాస్త మూసుకుపోయినట్టు లేదూ?" అన్నాడు.

"ఉంటే ఉంది లెండి" అంది అక్క.

ఆయనకు అది చాలు. మర్నాడే, రేడియోలు బాగుచేసే వైర్ల తాతయ్య దుకాణానికి వెళ్లి ఒక కొత్త సూదీ, ఒక ఆంప్లిఫయరూ, ఒక జత స్పీకర్లూ బండిలో వేసుకొచ్చాడు. ఇంట్లో పెట్టి చూసుకుని అక్కర్లేనివి తిరిగిచ్చేయమన్నాడట తాతయ్య. అక్క గుమ్మంలో నిలబడి ఆ సామానంతా ఎగాదిగా చూసింది.

"ఒక్కటి. ఈ మూడింట్లో ఏదో ఒక్కటి ఉంచుకోండి. ఇది ఇల్లు, దుకాణం కాదు."

"ఒక్కటంటే ఏది?"

"అది మీరే తేల్చుకోండి."

ఆ మాట అక్క అనకుండా ఉండాల్సింది. తేల్చడం ఆయన వృత్తి.

పరీక్షలు మొదలయ్యాయి. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉండాలి. వినేవాళ్లకు ఏది పాతదో ఏది కొత్తదో తెలియకూడదు. కాబట్టి అక్క కళ్లకు తువ్వాలుతో గంతలు కట్టాడు. రోజంతా ఆసుపత్రిలో నిలబడి, ఇంటికొచ్చి గంతలు కట్టించుకునే ఆడమనిషి ఈ లోకంలో మా అక్క ఒక్కతే అయ్యుంటుంది.

పాటలో ఒకే నిమిషం, ముందు ఒకదానితో, వెంటనే రెండోదానితో. మొదటిది మోగుతున్నంతసేపూ బావ రికార్డు ప్లేయరున్న అలమర వెనక మోకాళ్ల మీద కూర్చుని వైర్లు పట్టుకుని సిద్ధంగా ఉంటాడు. చెవి విన్నదాన్ని పది సెకన్లలో మరిచిపోతుందట, ఆలోపు మార్చేయాలి. మార్చాక ఇక పనేం ఉండదు కనుక మూలుగుతూ లేచి, వచ్చి సోఫాలో కూలబడతాడు. నేను మారుస్తానన్నా వైర్లు నా చేతికివ్వలేదు. నన్ను రెండో న్యాయమూర్తిగా పేము కుర్చీలో కూర్చోబెట్టాడు. రెండు రోజులకే నా తీర్పులు కొట్టిపారేశాడు, ఆకలి మీదున్నవాడి మాట చెల్లదట.

మొదట స్పీకర్లు. పాతవి ముందు, కొత్తవి తర్వాత.

"రెండోదే బాగుంది" అంది అక్క.

బావ మొహం వెలిగిపోయింది. మర్నాడు వరస తిప్పాడు, కొత్తవి ముందు, పాతవి తర్వాత.

"రెండోదే బాగుంది."

ఆంప్లిఫయర్ పెట్టాడు. రెండోదే బాగుంది. సూది మార్చాడు. రెండోదే. వరస తిప్పినా రెండోదే, తిప్పకపోయినా రెండోదే. బావ తల పట్టుకున్నాడు. కరెంటు హెచ్చుతగ్గులని అనుమానమొచ్చి గోడకు మీటరు బిగించాడు. యంత్రం వేడెక్కాక బాగా మోగుతోందేమోనని గంట ముందే ఆన్ చేసి ఉంచమని నాకు పురమాయించాడు. నేను ఆఫీసు నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి ఆన్ చేసేవాణ్ణి. అన్నం పెడుతున్నారు కదా, కాదనలేం.

ఇలా మూడు నెలలు గడిచాయి. ఒకరోజు వంటింట్లో అక్క గిన్నెలు సర్దుతూ, నా వైపు చూడకుండా చెప్పింది.

"ఒక్క పాట చివరిదాకా విని మూడు నెలలైందిరా. చరణం ఎత్తుకోగానే ఆపేస్తారు. ఆయనతో నాకున్నదే ఆ గంట. అదీ లేనప్పుడు ఇంటికి పరిగెత్తుకు రావడం దేనికి? సాయంత్రం డ్యూటీకి మారతావా అని అడుగుతున్నారు. రేపు సంతకం పెట్టేస్తాను."

సాయంత్రం డ్యూటీ అంటే బావ ఇంటికొచ్చేసరికి అక్క ఉండదు, అక్క వచ్చేసరికి బావ నిద్రపోతాడు. నాకు బావ మీద ఒళ్లు మండిపోయింది.

"ఆ సామానంతా నేను తిరిగిచ్చేసి వస్తాను, ఊఁ అను" అన్నాను.

"వద్దు. ఆయన సరదా ఆయనది" అంది. అన్నదే గాని, కళ్లు తుడుచుకుంది.

ఆ సాయంత్రం కూడా గంతలు కట్టించుకుని కూర్చుంది. బావ ఒక నిమిషం వినిపించాడు, వైర్ల దగ్గర ఏదో చప్పుడు చేశాడు, ఇంకో నిమిషం వినిపించాడు. వచ్చి కూర్చున్నాడు.

"రెండోదే బాగుంది."

బావ ఆ మాట తన పరీక్షల నోటుబుక్కులో రాసుకున్నాడు. తర్వాత ఎంతో నెమ్మదిగా, అంటే నిజంగా కోపమొచ్చినప్పుడు మాట్లాడే పద్ధతిలో అన్నాడు.

"ఇవాళ నేనేమీ మార్చలేదు. ల్యాబులో మమ్మల్ని మేమే పరీక్షించుకోడానికి ఉత్త సీసా పెడతాం చూడు, అలా. రెండుసార్లూ పాతవే. నువ్వు వినడం లేదు. నోటికొచ్చింది చెబుతున్నావు."

అక్క గంతలు విప్పింది. తువ్వాలును నాలుగు మడతలు పెట్టి ఒళ్లో ఉంచుకుంది.

"నేను అబద్ధం చెప్పలేదండీ. రెండోదే బాగుంటుంది."

"రెండూ ఒకటేనంటే ఎలా బాగుంటుంది?"

"ఒకటెలా అవుతాయి? మొదటిదానికి మీరు అలమర వెనక ఉంటారు. రెండోదానికి వచ్చి నా పక్కన కూర్చుంటారు. గంతలు కడితే మాత్రం, సోఫా కుంగితే తెలీదా? ఏది బాగుందని అడిగారు, చెప్పాను."

ఇరవై ఎనిమిదేళ్లలో బావకు ఇలాంటి చిక్కు రాలేదు. పరీక్షించేవాడు ఎక్కడ కూర్చున్నాడన్నది నీళ్లకు పట్టదు. నోటుబుక్కు అందుకుని మొదటి పేజీ నుంచి తిప్పాడు. తేదీ రాశాడు, కరెంటు ఎంతుందో రాశాడు, ఏది ముందో ఏది వెనకో రాశాడు, కిటికీ తీసి ఉందో మూసి ఉందో కూడా రాశాడు. తను ఎక్కడున్నాడో మాత్రం ఎక్కడా రాయలేదు.

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"మాట్లాడితే పరీక్ష పాడైపోతుందన్నారుగా."

నేను పేము కుర్చీలో ఒదిగిపోయాను. ఇంట్లో లేనట్టుండటం కుదిరితే అలాగే ఉండేవాణ్ణి.

"సరే, పోనీ, ఏది ఉంచుకుందాం?" అన్నాడు బావ చివరికి. గొంతు బాగా తగ్గిపోయింది.

"సూది. పాతదాంతో పాట హెచ్చినప్పుడల్లా బర్రుమంటోంది. కొత్తది పెట్టిన రోజే తెలిసింది నాకు. మిగతావి మనకెందుకు?"

"మరి ఆ రోజే ఆ ముక్క..."

"ఏం బాగాలేదని మీరడగలేదు."

తర్వాత అక్క సాయంత్రం డ్యూటీ సంగతి కూడా చెప్పేసింది. రేపు సంతకం పెడతానంది. బావ నోటుబుక్కు మూశాడు. మొహం చూస్తే జాలేసింది, మూడు నెలల కోపం ఉండి కూడా.

"పెట్టకు" అన్నాడు.

"పెట్టకపోతే?"

"ఇక్కడే కూర్చుంటాను."

బావ లేచి కొత్త సూది బిగించాడు, రికార్డు మొదటి నుంచి పెట్టి, వచ్చి పక్కన కూర్చున్నాడు. మొదటి పాట చివరిదాకా వచ్చింది. రెండోది, మూడోది. ఎవరూ లేవలేదు. ఒక వైపు పూర్తయిపోయి, సూది చివరి గాడిలో తిరుగుతూ టిక్కు, టిక్కు అంటోంది. అక్క కళ్లు మూసుకుని ఉంది, ఈసారి గంతలు లేకుండానే. తల బావ భుజం మీద ఆనించింది.

టిక్కు, టిక్కు. ఎంతసేపు చూసినా ఇద్దర్లో ఒక్కరూ కదలరు. నాకే ఉండబట్టలేక లేచాను.

"కొత్త సూది అరిగిపోతుంది బావా, తీసేస్తానుండు."

"అరిగితే అరగనీ" అన్నాడు బావ. "కూర్చోరా."