గోనె మీది గాటు

హీట్ గన్ వేడికి పాత జిగురు కరిగేటప్పుడు ఒక వాసన వస్తుంది. అది కాలిన గోరు వాసనకూ, ఎండలో మగ్గిన ప్లాస్టిక్ వాసనకూ మధ్యరకం. హనుమకొండ సుబేదారిలో మా ఇంటి ముందు గదిలో కూర్చుంటే పొద్దంతా ముక్కుకు తగిలేది అదే. హైదరాబాదు నుంచి బస్సు పార్శిల్లో గోల్ఫ్ క్లబ్బులు, అంటే బంతిని కొట్టే కర్రలు, వస్తాయి. వాటి తలలను కాడల నుంచి ఊడదీసి, కొత్త కాడలు బిగించి మళ్ళీ పంపుతుంటాను. వయసులో ఉన్నప్పుడు అక్కడి గోల్ఫ్ మైదానంలో బంతులు ఏరే పనికి పోయి, అక్కడి వర్క్‌షాపులోనే నేర్చుకున్న పని ఇది. ఇప్పుడు నడుం సహకరించడం లేదు. చేతులు అలవాటు కొద్దీ పని చేసుకుపోతాయి, మనసు మాత్రం ఎటో తిరిగి చివరికి తొర్రూరు దగ్గరి మా ఊరికే చేరుకుంటుంది.

క్లబ్బు కాడ చూడ్డానికి నున్నగా, ఎటు తిప్పినా ఒకేలా ఉంటుంది. కానీ లోపల ఒకేలా ఉండదు. పల్చని కార్బన్ పొరలను జిగురులో తడిపి, ఇనుప కడ్డీకి చుట్టి, ఓవెన్‌లో ఉడికించి, కడ్డీని లాగేస్తే ఆ కాడ తయారవుతుంది. పొర అంచులు ఒకదాని మీదొకటి ఎక్కిన చోట గట్టిదనం పిసరంత ఎక్కువ. రెండు బేరింగుల మధ్య పెట్టి వంచితే కాడ తనంతట తానే దొర్లి ఒక పక్కకు ఒదుగుతుంది. ఆ పక్క ఏదో కనిపెట్టి, గుర్తు పెట్టి, సెట్టులోని అన్ని క్లబ్బులకూ ఒకే దిక్కుగా అమర్చాలి. లేకపోతే చెయ్యి అదే, ఊపు అదే అయినా ఒక క్లబ్బు బంతిని నేరుగా పంపితే ఇంకొకటి పక్కకు తోస్తుంది. ఆడేవాళ్ళకు ఆ తేడా తెలియనే తెలియదని అనేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళతో వాదించే ఓపిక నాకిప్పుడు లేదు.

మా ఊళ్ళో కోతలయ్యాక పొలాలు బోసిపోయి, వరికొయ్యలు అరికాళ్ళకు గుచ్చుకుంటూ, ఇప్పపూల మత్తు వాసన గాలి నిండా ఉండేది. పొద్దున మజ్జిగ పోసిన మొక్కజొన్న గట్క, మామిడికాయ తొక్కు తిని బయటపడితే, అవ్వ, అంటే మా అమ్మ, వాడంతా వినబడేలా పిలిచేదాకా ఇల్లు గుర్తొచ్చేది కాదు. ఉగాది దగ్గరపడితే ఇంటింటా బచ్చాలకు, అంటే బొబ్బట్లకు, శనగపప్పు ఉడికే కమ్మని వాసన వచ్చేది. ఆ రోజుల్లో మా ఆట చిర్రగోనె. చిర్ర అంటే రెండు కొసలూ చెక్కిన జానెడు పుల్ల, గోనె అంటే దాన్ని కొట్టే మూరెడు కట్టె. కొసను తట్టి చిర్రను గాల్లోకి లేపి, అది కింద పడేలోపు గోనెతో కొడితే ఈలలాంటి చప్పుడుతో పోయేది.

మా అన్న ఐలయ్య కొడితే చిర్ర గట్లు దాటేది. అతని గోనెను అతనే తుమ్మకొమ్మ కొట్టి, గడ్డివాములో దాచి ఆరబెట్టి, కొడవలితో చెక్కుకున్నాడు. వంక లేని తుమ్మ మా దిక్కు దొరకదు. అతని గోనెకూ సన్నటి వంక ఉండేది. ఆ వంక ఎప్పుడూ ఒకే వైపుండాలని, పట్టుకునే చోట బొటనవేలు ఆనేలా ఒక గాటు పెట్టుకున్నాడు. వేలు గాటులో పడిందంటే ఇక చూడక్కర లేదనేవాడు.

ఉగాదికి ముందు రోజు చెమటకు గోనె జారుతోందని అన్న పాత సైకిల్ ట్యూబు ముక్క కోసి పిడికి బిగుతుగా చుట్టాడు. గాటు రబ్బరు కింద పడిపోయింది. అది అప్పుడు ఎవరికీ తట్టలేదు. చిర్ర లేచింది, అన్న కొట్టాడు. ఎదురుగా పోవాల్సింది పక్కకు మళ్ళింది. అటు నిలబడ్డ సమ్మయ్య, అన్నకు చిన్ననాటి నుంచీ జోడీ, రెండు చేతులతో ముఖం పట్టుకుని వరికొయ్యల మీద కూర్చుండిపోయాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం కారింది. అన్న అతన్ని వీపున వేసుకుని రోడ్డు దాకా పరుగెత్తాడు, అక్కడి నుంచి పెద్దవాళ్ళు వరంగల్ దవాఖానకు తీసుకుపోయారు. ఎన్నిసార్లు తిరిగినా ఎడమ కంటికి చూపు రాలేదు.

కంటి కట్టు విప్పకముందే మా బాపు, అంటే నాన్న, అన్నను వెంటబెట్టుకుని సమ్మయ్య ఇంటికి పోయాడు. వెనక నేనూ పోయాను. సమ్మయ్య తల్లి గోడ వైపు తిరిగి కూర్చుంది. మంచంలోంచి సమ్మయ్యే అన్నాడు.

"గంత దగ్గరికి నేనే పోయిన పెద్దబాపూ. వాడేం జేస్తడు."

అతను దగ్గరికి పోలేదు. ఎప్పుడూ నిలబడే చోటే నిలబడ్డాడు. అది ఆటలో ఉన్న అందరికీ తెలుసు.

ఆ సాయంత్రం అన్న వాకిట్లో కూర్చుని రబ్బరు కోసి తీశాడు. కొట్టేటప్పుడు పట్టినట్టే, గాటును వెతక్కుండా పిడికిలి బిగించి చూసుకున్నాడు. గాటు వేలి కిందకు రాలేదు, పక్కకుంది. లేచి గోనెను పొయ్యిలో పెట్టాడు. అవ్వ ఆ మంట మీదే అన్నం వండింది. అన్న ఆ తర్వాత ఏ ఆటకూ రాలేదు.

ఏళ్ళు గడిచాయి. ఒంటికన్ను పిల్లగాడని సమ్మయ్యకు సంబంధాలు తప్పిపోయేవి. అన్నకు మాత్రం వెతుక్కుంటూ వచ్చేవి. వచ్చినవాళ్ళకల్లా అన్న ఒకటే మాట చెప్పేవాడు.

"ముందుగాల సమ్మయ్యకు గానియ్యుండ్రి. నాదేం ఫికర్ లేదు."

బాపు తిట్టాడు, అవ్వ అన్నం మానేసింది. అన్న వినలేదు. సమ్మయ్యను వెంటేసుకుని ఊరూరా తిరిగి, చివరికి పాలంపేట దిక్కున ఒక పిల్లను కుదిర్చి, ఆ పెళ్ళి పందిరి తనే వేసి, ఆ తర్వాతే తన పెళ్ళికి ఒప్పుకున్నాడు. అప్పటికే అతని తలలో తెల్ల వెంట్రుకలు వచ్చాయి.

ఈ ఎండాకాలం సమ్మయ్య మంచి కంటికి పొర వచ్చిందని ఇద్దరూ హనుమకొండ డాక్టరు దగ్గరికి వచ్చి, ఎండ తగ్గేదాకా నా గదిలో కూర్చున్నారు. కాడను బేరింగుల్లో పెట్టి వంచుతుంటే అది దొర్లి ఒక పక్కకు ఒదగడం అన్న చూశాడు. అదేమిటని అడిగితే చెప్పాను. చాయ్ పక్కన పెట్టి, తనూ ఒక కాడను తీసుకుని తిప్పి చూశాడు. ఆ రోజు సంగతి అతని నోట మొదటిసారి అప్పుడే విన్నాను.

"తమ్మీ, కట్టె జర అటిటు పట్టుకుంటే గంత తేడా వస్తదా?"

రాదంటే అతని మనసు తేలికవుతుందేమో. కానీ నేను పొద్దస్తమానం చేసే పనే ఆ తేడాను సరిదిద్దడం. అబద్ధం నోట రాలేదు, నిజమేమిటో తెలియలేదు.

"గీ కాడల సంగతైతే మిషన్ మీద చూసి చెప్త అన్నా. గా దినం గోనె సంగతి ఎవలు చెప్తరు."

సమ్మయ్య విసుక్కున్నాడు.

"ఇంకా గదే తవ్వుతానవా? కన్ను నాది. నేనే ఇడిసిపెట్టిన. నడువు, బస్సు పోతది."

మేం ఆడిన పొలాల్లో ఇప్పుడు ప్లాట్ల హద్దురాళ్ళు పాతారు. తుమ్మలు కొట్టేశారు. నా మనవడికి చిర్ర అంటే ఏమిటో చెప్పబోయి, చూపించడానికి ఒక పుల్ల కూడా దొరక్క ఊరుకున్నాను. ఎండాకాలం పొద్దులో ఆ ఈల చప్పుడు విని ఎన్నేళ్ళయిందో గుర్తు లేదు.

వాళ్ళిద్దరూ బయల్దేరారు. వాకిట్లో నిలబడి చూశాను. సమ్మయ్య రోడ్డు దాటబోతూ ఆగాడు. అన్న అతని వెనక నుంచి తిరిగి చూపు లేని ఎడమ పక్కకు వచ్చాడు. బండ్లు వచ్చే దిక్కు చూసి, మోచెయ్యి పట్టుకుని, "ఇగ నడువు" అన్నాడు.