మార్కస్ ఆడని మ్యాచ్

కరోనా తగ్గిన మరుసటి ఏడాది మార్చిలో, అమెరికాలో రెండో శ్రేణి ఫుట్‌బాల్ లీగు ఆడే ఒక క్లబ్బులో నాకు ఒక్క సీజన్‌కు ఉద్యోగం దొరికింది. అప్పటికి చాలా ఏళ్లుగా హైదరాబాద్ జట్లకు ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. ఇక్కడ నాతో పనిచేసి వెళ్లిన ఒక విదేశీ కోచ్ పిలిపించాడు. అక్కడి లైసెన్సు లేదు కాబట్టి నాది సహాయకుడి హోదా. గాయపడినవాళ్లతో వ్యాయామాలు చేయించాలి, కొలతలు తీసి రాయాలి. ఆ కొలతలు చూసి, ఆడవచ్చని సంతకం పెట్టేది హెడ్ ఫిజియో.

ఆ లీగులో మొదటి స్థానంలో నిలిచినా జట్టు పై లీగుకు వెళ్లదు. ఏ ఆటగాడైనా పై క్లబ్బుల కంట పడితే అతనొక్కడే వెళతాడు. ఒప్పందాలు చాలావరకు ఏడాదివే. అందుకే అక్టోబరు వచ్చేసరికి అందరి ముఖాల్లోనూ దిగులు కనబడేది.

మార్కస్ ముప్పై నాలుగేళ్ల డిఫెండర్. ఆగస్టు చివర్లో కుడి మోకాలి లిగమెంటు దెబ్బతింది. రోజూ పొద్దున నా దగ్గరే వ్యాయామాలు చేసేవాడు. ఉత్సాహపరచాలని, సొంత మైదానంలో చివరి మ్యాచ్ తప్పక ఆడతావని చెబుతూ వచ్చాను. అతను నమ్మి, ఊరి నుంచి తండ్రిని రమ్మన్నాడు. ఆయన కొడుకు ఆట చూసి ఆరేళ్లయింది.

మ్యాచ్‌కు రెండు రోజుల ముందు పొద్దున పరీక్ష పెట్టాను. ఒంటికాలి మీద గెంతించి, రెండు కాళ్లూ వెళ్లిన దూరాలను టేపుతో కొలుస్తాం. గాయపడిన కాలు, బాగున్న కాలి దూరంలో పదింట తొమ్మిది వంతులైనా అందుకోవాలి. మార్కస్ మూడుసార్లు గెంతాడు. మూడుసార్లూ కొద్దిలో తప్పింది. నాలుగోసారి గెంతి, టేపు వైపు చూడకుండా నా ముఖం చూశాడు. కాగితం మీద నువ్వు ఎంత రాస్తే అంతే, ఆడతానని చెప్పింది నువ్వే కదా అని మెల్లగా అన్నాడు.

పది నిమిషాలు అడిగి, మైదానం బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేశాను. జహీరాబాద్‌లో అప్పుడు సాయంత్రం. నా భార్య సుజాత దవాఖానలో నర్సు. అంతా విన్నది.

"ఆశ పెట్టింది నువ్వే గదా?"

"నేనే."

"మరి గదే ఆ పిల్లగానికి జెప్పు. తప్పు నాదే అను. గంతేగాని కొలత ఎట్ల మారుస్తవ్? ఉన్న కాలు పోతె మల్ల తెచ్చిస్తవా?"

తిరిగి మైదానంలోకి వెళ్లి ముందు క్షమాపణ అడిగాను. తర్వాత టేపు మీద తక్కువగా వచ్చిన అంకెనే రాశాను. మార్కస్ గడ్డి మీద కూర్చున్నాడు. షూ లేసులు విప్పడానికే అతనికి చాలాసేపు పట్టింది.

శనివారం మామూలు బట్టల్లో తండ్రి పక్కన కూర్చుని చూశాడు. తర్వాతి దశకు చేరాలంటే గెలవాల్సిన మ్యాచ్ డ్రా అయింది, మా సీజన్ అక్కడితో ముగిసింది. జట్టంతా మైదానం చుట్టూ తిరిగి జనానికి చేతులూపుతుంటే అతన్నీ పిలిచారు. గోల్‌పోస్టు దగ్గర ఒక్కడే ఆగి, వంగి గడ్డి మీద అరచెయ్యి పెట్టి అలాగే ఉండిపోయాడు. క్లబ్బు అతని ఒప్పందం పొడిగించలేదు. ఆ తర్వాత అతను ఎక్కడా ఆడలేదు.

నేను తిరిగొచ్చి రిటైరయ్యాను. అక్కడి శనివారం సాయంత్రపు మ్యాచ్ మనకు ఆదివారం తెల్లవారుజామున జరుగుతుంది. ఇప్పటికీ ఆదివారం లేవగానే ఆ క్లబ్బు స్కోరు వెతుకుతాను. జట్టులో నాకు తెలిసిన పేరు ఒక్కటీ మిగల్లేదు. అయినా టేపు పట్టుకుని తడిగడ్డి మీద మోకాళ్లూని కూర్చున్న ఆ పొద్దుల కోసం ప్రాణం కొట్టుకుంటుంది.

ఝరాసంగం, న్యాల్‌కల్ వైపు నుంచి మోకాళ్ల నొప్పులవాళ్లు ఆటోల్లో మా ఇంటికి వస్తుంటారు. "సారూ, కంది కోతల వరకు నడుస్తనా?" అని అడుగుతారు. కాలు చూసి, ఈరోజు ఎంతవరకు వంగుతోందో చెబుతాను. నయమయ్యే తేదీ మాత్రం ఎవరికీ చెప్పను.