జల్లెడ పట్టని పిండి

ఏళ్ళ తరబడి ఒక చచ్చిన బల్లిని మోస్తున్నాను. నవ్వొస్తే నవ్వండి. ఎవరికీ చెప్పుకోలేక, మరచిపోలేక, ప్రార్థనలో కూడా దాని పక్కనుంచి తప్పుకుపోతూ బతికిన మనిషిని. ఇవాళ మీకు చెబుతాను. పేరు మాత్రం అడగకండి.

మాది కొత్తగూడెం అవతల, అడవి అంచున ఒక చిన్న పట్నం. నేను బడిలో టీచర్ని. చర్చి పాటల బృందంలో ముందు వరసలో నిలబడేదాన్ని. వర్గీస్ కేరళ నుంచి వచ్చాడు. సైకిల్ వెనక డబ్బా కట్టుకుని గని కార్మికుల క్వార్టర్లలో రొట్టెలు అమ్మేవాడు. తర్వాత బస్టాండు పక్కన గది కిరాయికి తీసుకుని బేకరీ పెట్టాడు. తెలుగు మా యాసలోనే నేర్చుకున్నాడు. అందరికీ మలయాళం అన్న.

క్రిస్మస్ ముందు మా క్రైస్తవుల ఇళ్ళలో ఒక అలవాటు ఉంది. మైదా, గుడ్లు, చక్కెర, డాల్డా ఎవరివి వాళ్ళం బేకరీకి మోసుకెళ్తాం. వాళ్ళ గిన్నెలో మేమే కలిపి ఇస్తే, వాళ్ళ బట్టీలో కేకు కాల్చి ఇస్తారు. వరసలో కూర్చుని కబుర్లాడుకోవడమే సగం పండుగ. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, అలాంటి ఒక డిసెంబరు మధ్యాహ్నం నా వంతు వచ్చింది. బేకరీ గిన్నెలో నా మైదా గుమ్మరించాను. పిండితోపాటు బల్లి పడింది.

ఎండి బిగుసుకుపోయిన బల్లి. మా వంటింటి డబ్బాలో ఎన్నాళ్ళుగా ఉందో! పండుగ హడావిడిలో పిండి జల్లెడ పట్టకుండానే తెచ్చేశాను. చూడగానే నాకు అర్థమైంది, అది మా ఇంటిదే. వెనక మా చర్చి ఆడవాళ్ళంతా ఉన్నారు. శుభ్రత అంటే వాళ్ళు నా పేరే చెప్పుకునేవారు. నోరు దానంతటదే లేచింది.

"ఏంది అన్నా ఇది? గిన్నెల బల్లి ఉన్నది! పిల్లలు తినేది కాదా?"

వర్గీస్ వచ్చి బల్లిని తోక పట్టుకుని ఎత్తాడు. అప్పుడే పడిన బల్లి అలా కట్టెలా ఉండదని బట్టీ దగ్గర బతికే మనిషికి తెలియదా? నా పిండి డబ్బా వైపు చూశాడు. తర్వాత నా ముఖం వైపు చూశాడు.

"అవ్ టీచరమ్మా. గిన్నె చూసి ఇయ్యాల్సింది నేనే. తప్పయింది," అన్నాడు అందరి ముందూ. "మీరు కూసోండి. మా మైదాతోని చేసిస్త."

చేసిచ్చాడు. నేను తెచ్చుకున్నాను. ఆ కేకు చాలా బాగా వచ్చింది. ఇంటికొచ్చినవాళ్ళంతా మెచ్చుకుని తిన్నారు.

ఆ తర్వాత నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పే అవసరం రాలేదు. వరసలో ఉన్నవాళ్ళే ఊరంతా చాటారు. బేకరీకి బల్లి బేకరీ అని పేరు పడింది. నీ డబ్బా చూపించమని నన్ను ఒక్కరూ అడగలేదు. నేను వాళ్ళ మనిషిని, ఆయన ఎక్కడినుంచో వచ్చినవాడు. భయపడి నోరు జారానని ఇన్నేళ్ళూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను గాని, అంత భయంలోనూ నింద ఎవరి మీద తోస్తే నిలుస్తుందో నా నోటికి తెలిసింది. దానికి ఏం పేరు పెట్టాలి?

ఎండాకాలం వచ్చేసరికి బేకరీ మూతపడింది. ఆయన మళ్ళీ సైకిల్ ఎక్కాడు. ఊరు వదిలి పోతాడనుకున్నాను. నిజం చెప్పాలంటే, పోవాలని కోరుకున్నాను. పోలేదు. దమ్మపేట, అశ్వారావుపేట వైపు పామాయిల్ తోటల కూలీలకు, అడవి గూడేలకు రొట్టెలు మోశాడు. గూడేల భాష కూడా నాలుగు ముక్కలు పట్టుకున్నాడు. కొన్నాళ్ళకు మళ్ళీ బేకరీ తెరిచాడు. ఈసారి ముందు గోడ తీయించేశాడు. బట్టీ, గిన్నెలు, పిండి కలిపే చేతులు, అన్నీ వీధిలోకి కనబడేవి. జనం నిలబడి చూశారు. తర్వాత కొన్నారు. ఆ తర్వాత కౌన్సిలర్‌గా గెలిపించారు. ఆ దశాబ్దం ముగిసేలోపే వర్గీస్ మా మున్సిపల్ చైర్మన్ అయ్యాడు.

నేను నోరెళ్ళబెట్టి చూస్తూ ఉండిపోయాను. బల్లి, బల్లి అని పిల్లలు వెంటపడి అరిచిన వీధికే ఆయన మొదట నల్లా నీళ్ళు తెచ్చాడు. పైపులు వేసేచోట లుంగీ ఎగ్గట్టి బురదలో నిలబడ్డాడు. ఇలాంటి మనుషులుంటారని బైబిలు వాక్యంలో చదివాను గాని మా బజార్లో చూస్తాననుకోలేదు. నువ్వు గెంటకపోతే ఆయన గూడేలు తిరిగేవాడా, ఇంతవాడయ్యేవాడా అని ఒక్కోసారి నా మనసే నన్ను బుజ్జగిస్తుంది. ఎంత తీయటి అబద్ధం! ఆయన ఎదిగింది తన కాళ్ళ మీద. నేను ఆ కాళ్ళు విరగ్గొట్టబోయినదాన్ని.

చర్చిలో ఆయనకు సన్మానం చేసినప్పుడు నన్నే మాట్లాడమన్నారు. "మా ఊరు ఈయన్ని ఏనాడూ పరాయివాడిగా చూడలేదు" అన్నాను మైకులో. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన తలవంచుకుని కూర్చున్నాడు. నేను కిందికి దిగాక నాకు రెండు చేతులూ జోడించాడు. ఆ కళ్ళలో కోపం ఉంటే బాగుండుననిపించింది. లేదు.

ఆయనకు తెలుసు కదా, ఇంకా చెప్పేదేముంది అని దాటేస్తూ వచ్చాను. ఊరికి తెలియదే! క్షమించడం మీ చేతుల్లో లేదు, నేనూ అడగను. ఇది రాస్తూ రాస్తూ ఆ ఒక్క మాటా పైకి అనేశాను. "ఆ బల్లి మా ఇంటిది." ఆ మాట నా గొంతులో నేనెప్పుడూ వినలేదు. గుండె కాస్త తేలికైంది, సిగ్గు మాత్రం అలాగే ఉంది.

పక్క గదిలోంచి మా ఇంటాయన, "ఏందే?" అన్నాడు.

మళ్ళీ అన్నాను. ఈసారి గట్టిగా.